చర్చి ఆవరణలో వాలీబాల్ కోర్టు వేసుకోవడం ఎలా?

వాలీబాల్ పుట్టిందే వైఎంసీఏలో, అంటే క్రైస్తవ యువజన సంఘంలో. 1895లో అమెరికాలోని హోల్యోక్ శాఖలో విలియం మోర్గన్ ఈ ఆటను రూపొందించారు. మన ఊళ్లలోనూ క్రైస్తవ యువజన సంఘం దగ్గరికి పిల్లల్ని ముందు రప్పించేది వాలీబాల్ నెట్టే. సాయంత్రం ట్యూషనైనా, ప్రార్థన కూడికైనా ఆ తర్వాతే.

కోర్టు పొడవు 18 మీటర్లు, వెడల్పు 9. చుట్టూ మరో 3 మీటర్లు ఖాళీ ఉండాలి. అక్కడ బల్లో రాయో ఉందంటే చీలమండలు బెణుకుతాయి. పొడవు ఉత్తర దక్షిణాలుగా పెట్టండి, లేకపోతే సాయంత్రం ఎండ ఒక జట్టు కళ్లలో కొడుతుంది. నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టి పురికొస కట్టాక ఐమూలగా టేపు పట్టండి. రెండు వైపులా 20 మీటర్ల 12 సెంటీమీటర్లు రావాలి. తేడా వస్తే మూల వంకరగా ఉన్నట్టే, సున్నం పోయకముందే సరిచేయాలి. గీత మందం 5 సెంటీమీటర్లు, అదీ కోర్టు కొలతలోదే.

స్తంభాలు పక్కగీతకు మీటరు బయట పాతాలి. 3.4 మీటర్ల ఇనుప పైపు తీసుకుంటే 85 సెంటీమీటర్లు భూమిలోకి పోతుంది. కాంక్రీటు పోసి వారం రోజులు తడపండి. ఎక్కువగా చెడేది ఇక్కడే: ఆత్రంగా మర్నాడే నెట్ బిగిస్తే స్తంభాలు లోపలికి వాలతాయి, నడుమ నెట్ జారుతుంది. ఇక ఎన్నిసార్లు లాగినా నిలవదు.

నెట్ ఎత్తు మధ్యలో కొలవాలి: మగవాళ్లకు 2.43 మీటర్లు, ఆడవాళ్లకు 2.24. పైపుకు రెండు ఎత్తుల్లోనూ కొక్కేలు వెల్డింగ్ చేయించండి. ఒక్కటే ఉంటే నెట్ ఎప్పుడూ అబ్బాయిల ఎత్తులోనే ఉండిపోతుంది, నాలుగు రోజులకు అమ్మాయిలు రావడం మానేస్తారు. వాళ్ల గంట వాళ్లకు విడిగా రాసిపెట్టి ఉండాలి, పెద్ద మ్యాచ్ ఉన్నా దాన్ని తీసుకోకూడదు.

బంతిలో గాలి ఒత్తిడి 4.3 నుంచి 4.6 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) చాలు. రాయిలా నింపితే కొత్తవాళ్ల ముంజేతులు కందిపోతాయి.

ఆట జరిగినంతసేపూ ఇద్దరు పెద్దలు ఉండాలి, ఒక్కరు చాలరు. హాజరు పుస్తకంలో పిల్లల పేరు పక్కనే ఇంటి ఫోన్ నంబరు రాయండి. ఏ మతం పిల్లలొచ్చినా అదే పుస్తకం, అదే వరుస. పిల్లల సహాయానికి 1098 అని గోడమీద పెద్ద అక్షరాలతో, వాళ్ల కళ్లకు ఆనే ఎత్తులో రాయించండి.