పాత బుల్లెట్ కేబుళ్లకు ఆయిల్ పట్టించడం, చోక్ సరిచేసుకోవడం ఎలా?

క్లచ్ నొక్కీ నొక్కీ ఎడమ చెయ్యి పీకేస్తోందా? వదిలాక లివర్ బద్ధకంగా వెనక్కి వస్తోందా? క్లచ్ ప్లేట్లను అనుమానించే ముందు కేబుల్‌ని చూడండి. మా ఇంట్లో ఉన్నది గేర్లు కుడివైపు, బ్రేకు ఎడమవైపు ఉండే కాస్ట్ ఐరన్ ఇంజిన్ బుల్లెట్ 350, మిక్‌కార్బ్ రకం కార్బురేటర్ (పెట్రోలుని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపేది) ఉన్నది. ఇక్కడ చెప్పేదంతా దాని మీద చేతులు నల్లగా చేసుకుని నేర్చుకున్నదే. కేబుళ్ల వరకు యమహా ఆర్‌ఎక్స్ 100 బండి వాళ్లకూ ఇదే పద్ధతి.

కుట్టుమిషన్ ఆయిల్, సూది తీసేసిన ఇంజక్షన్ సిరంజి, ఖాళీ పాల ప్యాకెట్, రబ్బరు బ్యాండ్లు, పాత గుడ్డలు, కాస్త గ్రీజు, కొంచెం పెట్రోలు చాలు.

ముందు క్లచ్ కేబుల్. లివర్ దగ్గర లాక్ నట్టు వదులు చేసి అడ్జస్టర్‌ని పూర్తిగా లోపలికి తిప్పండి. అడ్జస్టర్‌కి, నట్టుకి, లివర్‌కి తలో చీలిక ఉంటుంది, మూడూ ఒకే వరసలోకి వస్తే వైరు దానంతటదే జారి బయటకొస్తుంది. రాకపోతే ఇంజిన్ వైపు కూడా వదులు చేయండి గానీ స్క్రూడ్రైవర్ పెట్టి పీకకండి.

ఇప్పుడు వైరు కొసన గుండు దగ్గర వేలితో తడిమి చూడండి. ఒక్క పోగు తెగి గుచ్చుకున్నా ఆ కేబుల్‌కి పోసే ఆయిల్ దండగ, కొత్తది వేయాల్సిందే. నేనొకసారి "రెండు పోగులే కదా" అనుకుని వదిలేస్తే, వారం తిరక్కుండా సంతలో కూరగాయల బళ్ల మధ్య టప్పున తెగింది.

బాగుంటే పాల ప్యాకెట్ మూల చిన్నగా కత్తిరించి, కేబుల్ పైకొసకు తొడిగి రబ్బరు బ్యాండుతో బిగించండి. గరాటు తయారు. పైకొసని హ్యాండిల్‌కి నిలువుగా కట్టి, సిరంజితో గరాటులో ఆయిల్ పోసి, వైరుని పైకీ కిందకీ ఆడించండి. కింది కొస కింద న్యూస్‌పేపర్ పరిచి రాత్రంతా వదిలేయండి. పొద్దున చూస్తే ముందు పడ్డ చుక్కలు తుప్పు నీళ్లలా ఉంటాయి. అవి తేటగా వచ్చేదాకా పోస్తూనే ఉండాలి.

గ్రీజు ఎందుకు కాదంటే, అది లోపలికి దిగదు, దిగినంత మేర దుమ్ము పట్టి గట్టిపడుతుంది. తుప్పు వదిలించే స్ప్రే కడగడానికి బాగుంటుంది గానీ త్వరగా ఆరిపోతుంది, దాని తర్వాత ఆయిల్ తప్పదు. గ్రీజుకి చోటు ఒక్కటే, లివర్‌లో గుండు కూర్చునే గుంత. గుండు అక్కడ తిరగకుండా బిగుసుకుంటే నొక్కిన ప్రతిసారీ వైరు వంగుతుంది, తెగేది అక్కడే. లోపల నైలాన్ గొట్టం ఉన్న కొత్త రకం కేబుళ్లకు మాత్రం మామూలుగా ఆయిల్ అక్కర్లేదు.

ముందు చక్రం బ్రేకు, యాక్సిలేటర్ కేబుళ్లకు ఇదే పని, కాకపోతే కింది కొస కూడా ఊడదీసి గుడ్డ చుట్టండి. బ్రేకు లైనర్‌కి ఆయిల్ అంటితే బండి ఆగదు.

చోక్ (చల్లగా ఉన్న ఇంజిన్ స్టార్ట్ కావడానికి పెట్రోలు ఎక్కువ ఇచ్చేది) సంగతి వేరు. కేబుల్‌కి ఆయిల్ తాగించాలి, చోక్‌కి కడుపు కడగాలి. కార్బురేటర్ పక్కన చిన్న లివర్ వేసినప్పుడు లోపల ఒక సన్నని ఇత్తడి ప్లంజర్ (పైకీ కిందకీ జారే కడ్డీ) పైకి లేచి అదనపు పెట్రోలుకి దారి ఇస్తుంది. పాత పెట్రోలు ఆరి జిగురై దాన్ని పట్టేస్తే, చోక్ తీసేసినా ప్లంజర్ పూర్తిగా కూర్చోదు. మైలేజీ పడిపోవడం, ప్లగ్గు మసి పట్టడం అందుకే. పెట్రోలు ట్యాప్ కట్టేసి, ప్లంజర్‌ని పట్టి ఉంచే నట్టు విప్పి, స్ప్రింగ్ ఎగిరిపోకుండా ప్లంజర్‌ని బయటకు తీయండి. గుడ్డని పెట్రోల్‌లో ముంచి తుడవండి (ఇంజిన్ చల్లారాకే, దగ్గర్లో బీడీ, సిగరెట్ లేకుండా), ఉప్పుకాగితం పెట్టి రుద్దకండి. ప్లంజర్ అడుగున రబ్బరు బిళ్ల చీలిపోతే మార్చాలి. ఆయిల్ ఒకే ఒక్క చుక్క, అదీ బయట లివర్ తిరిగే పిన్ను మీద. లోపల పోస్తే మళ్లీ జిగురే.

అన్నీ బిగించాక క్లచ్ లివర్ దగ్గర 2, 3 మిల్లీమీటర్ల ఆట (వైరు బిగుసుకునే ముందు లివర్ ఊరికే కదిలే ఖాళీ) ఉంచండి. స్టార్ట్ చేసే ముందు యాక్సిలేటర్ తిప్పి వదిలి చూడండి, టక్కున వెనక్కి రావాలి. స్టార్ట్ చేశాక హ్యాండిల్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పండి. ఇంజిన్ శబ్దం పెరిగితే కేబుల్ ఎక్కడో లాగుతోంది, దారి మార్చి మళ్లీ వేయండి. ఇంజిన్ వేడెక్కాక చోక్ వేస్తే బండి తడబడాలి, తీసేయగానే సర్దుకోవాలి. ఏ తేడా లేకపోతే ప్లంజర్ ఇంకా పట్టేసి ఉన్నట్టే, మళ్లీ విప్పండి.