పాత ఎల్పీ రికార్డు అమ్మే ముందు గ్రేడు వేయడం ఇలా

రికార్డులు సేకరించేవారి పత్రిక గోల్డ్‌మైన్ పద్ధతిలో మింట్ (సరికొత్తది), నియర్ మింట్ (దాదాపు కొత్తది), వీజీ ప్లస్ (వెరీ గుడ్ ప్లస్), వీజీ (వెరీ గుడ్) అంటూ మెట్లు కిందికి దిగుతాయి. సందేహం వస్తే ఒక మెట్టు తగ్గించే రాయండి.

రికార్డును అంచులతో పట్టుకుని, టేబుల్ లైటు కింద ఏటవాలుగా తిప్పుతూ చూడండి. గీత మీద గోరు ఆనిస్తే తగిలిందా, సూదికీ తగులుతుంది. నేనైతే దానికి వీజీ ప్లస్ ఇవ్వను. మెరుపును నమ్మకండి. అరిగిన సూదితో వాయించిన రికార్డు పైకి కొత్తదిలా ఉన్నా పాట బరబరమంటుంది. అందుకే రెండు వైపులా వినాలి, ముఖ్యంగా లోపలి చివరి పాట. అరుగుదల ఎక్కువగా వినిపించేది అక్కడే.

కవర్‌కు వేరే గ్రేడు. పెన్నుతో రాసిన పేరూ, అంటించిన టేపూ దాచకుండా చెప్పండి. 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) లక్క రికార్డులను మాత్రం స్పిరిట్‌తో తుడవొద్దు, లక్క కరిగిపోతుంది.