మోడల్ భాగాలకు అల్ట్రాసోనిక్ క్లీనర్: ఎలా ఎంచుకోవాలి, ఎలా వాడాలి?

బొమ్మ రైళ్లు, కిట్ల లాంటి చిన్న మోడళ్లకు గాలితో రంగు చిమ్మే పరికరం ఎయిర్‌బ్రష్. సన్నటి పనికి వాడే దాని నాజిల్ (రంగు బయటికొచ్చే మొన) రంధ్రం 0.3 మిల్లీమీటర్లు ఉంటుంది, కొన్నిట్లో ఇంకా తక్కువ. అందులో రంగు ఎండి బిగుసుకుపోతే బ్రష్షు దూరదు, గుడ్డ దూరదు. విసుగొచ్చి సూదితో పొడిచామంటే రంధ్రం అంచు సాగిపోతుంది. ఆ నాజిల్‌తో ఇక సన్నటి గీత రాదు. నేను అల్ట్రాసోనిక్ క్లీనర్ కొన్నది అలా ఒక నాజిల్‌ను చేజేతులా పాడుచేసుకున్న తర్వాతే.

కొన్నాక మొదటి నెలంతా దాన్ని తప్పుగానే వాడాను. మురికి వస్తువు లోపల వేసి, బటన్ నొక్కి, మూత పెడితే పనైపోతుందనుకున్నాను. కొన్నిసార్లు అయింది, చాలాసార్లు కాలేదు. లోపల అసలు ఏం జరుగుతుందో అర్థమయ్యాకే దారికొచ్చింది.

ట్యాంకు అడుగున, బయటివైపు, ట్రాన్స్‌డ్యూసర్ అనే బిళ్ల అతికించి ఉంటుంది. కరెంటు అందగానే అది సెకనుకు దాదాపు 40 వేల సార్లు కంపిస్తుంది. ఆ కంపనానికి ద్రవంలో ఒత్తిడి పడుతూ లేస్తూ ఉంటుంది. పడినప్పుడు కంటికి కనపడని బుడగలు పుడతాయి, లేచినప్పుడు అవి లోపలికి కుప్పకూలుతాయి. కూలిన చోట పుట్టే చిన్న ధార దగ్గర్లోని మురికిని పెళ్లగిస్తుంది. దీన్నే కావిటేషన్ అంటారు. ద్రవం చేరగలిగిన సందులన్నిటిలోనూ ఇది జరుగుతుంది కాబట్టే బ్రష్షు దూరని నాజిల్ కూడా శుభ్రపడుతుంది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. బుడగలు మురికిని నెట్టగలవు గానీ కరిగించలేవు. మెత్తబరచడం, కరిగించడం ద్రవం పని. నానబెట్టకుండా బట్టలు ఎంత బాదినా మరక పోనట్టే, ఎండిన ఎనామెల్ రంగును సబ్బు నీళ్లలో గంటసేపు తిప్పినా అది అక్కడే ఉంటుంది. అందుకే ఎన్ని వాట్ల మెషీన్ కొనాలి అన్న ప్రశ్న కంటే అందులో ఏం పోయాలి అన్నదే పెద్ద ప్రశ్న. వాట్ల గురించి చదివినంతగా ఎవరూ ద్రవం గురించి చదవరు.

కొనేముందు

మొదట మీరు శుభ్రం చేయబోయే వాటిలో అతి పెద్దదాన్ని స్కేలుతో కొలవండి. లీటర్ల లెక్క ఇక్కడ మోసం చేస్తుంది, చూడాల్సింది బాస్కెట్ లోపలి పొడవు. ఎయిర్‌బ్రష్ భాగాలు, రెజిన్ ముక్కలు మాత్రమే అయితే 600 మిల్లీలీటర్ల చిన్న మెషీన్ సరిపోతుంది. నగలు, కళ్లద్దాలు కడగడానికని అమ్మేవి ఇవే. ఇత్తడి రేకులతో కట్టే రైలింజన్ బాడీని ముంచాలంటే 2 లేదా 3 లీటర్లది కావాలి. అంతకంటే పెద్దది తీసుకుంటే ప్రతిసారీ అన్ని నీళ్లు నింపడం, వంచడం బద్ధకమై అది అటక ఎక్కుతుంది.

రెండోది, అది నిజంగా అల్ట్రాసోనిక్కేనా? ఆ పేరుతో అమ్మే మరీ చవక డబ్బాల్లో కొన్నిట్లో ఫోన్ వైబ్రేట్ అయ్యేలాంటి చిన్న మోటారు తప్ప ఏమీ ఉండదు. స్పెసిఫికేషన్లలో 40 కిలోహెర్ట్జ్ లేదా ఆ చుట్టుపక్కల అంకె ఉందేమో చూడండి. 40,000 హెర్ట్జ్ అని రాసినా అదే లెక్క. కొన్ని వందల హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే వదిలేయండి. 25 కిలోహెర్ట్జ్ దగ్గర బుడగలు పెద్దవిగా పుట్టి గట్టిగా కొడతాయి. అది బరువైన ఇంజిన్ విడిభాగాలకు పనికొస్తుంది, మన సన్నటి భాగాలకు 40 నయం.

హీటర్‌ను విడిగా ఆపుకునే వీలుందా అన్నది మూడోది. నా లెక్కలో ఇదే అన్నిటికంటే ముఖ్యం. ఎందుకో కాసేపట్లో చెబుతాను. టైమర్‌లో 1 నిమిషం, 2 నిమిషాలు పెట్టుకోగలగాలి. బాస్కెట్ స్టీలుది అయితే మంచిది, ప్లాస్టిక్ బుట్ట కంపనాన్ని కొంత మింగేస్తుంది. 3 లీటర్లు దాటితే కింద నీళ్లు వదిలే కుళాయి ఉండాలి.

ఇంటికి తెచ్చాక మొదటి పరీక్ష

ట్యాంకులో గీత దాకా గోరువెచ్చని నీళ్లు పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ కొన్ని చుక్కలు వేయండి. ఏ భాగాలూ వేయకుండా 5 నుంచి 10 నిమిషాలు నడపండి. కొత్తగా పోసిన నీళ్లలో గాలి కరిగి ఉంటుంది. అది కావిటేషన్ దెబ్బను మెత్తబరుస్తుంది కాబట్టి ముందు దాన్ని బయటికి పంపాలి. చిన్న చిన్న గాలి బుడగలు పైకి తేలడం కనిపిస్తుంది, కాసేపటికి మెషీన్ శబ్దం కూడా మారుతుంది. నీళ్లు మార్చిన ప్రతిసారీ ఈ పని చేయాల్సిందే.

ఇప్పుడు ట్యాంకు వెడల్పుకు సరిపడా అల్యూమినియం ఫాయిల్ ముక్క కత్తిరించి, అడుగుకు తగలకుండా నిలువుగా వేలాడదీయండి. ఒక నిమిషం నడిపి తీసి వెలుతురుకు పట్టి చూడండి. సొట్టలు, సూదిమొన తూట్లు ఫాయిల్ నిండా ఉంటే మెషీన్ బాగుంది. ఒకచోట జల్లెడలా తూట్లు పడి మరోచోట ఫాయిల్ నున్నగా మిగిలితే, మీ ట్యాంకులో బలహీనమైన చోటు ఎక్కడుందో తెలిసినట్టే. ఆ నీళ్లు పారబోయండి, ఫాయిల్ తునకలు ఉంటాయి. ఒక్క నిమిషంలో ఫాయిల్‌కు అంత పని పట్టిన బుడగలు మీ సన్నటి భాగాల మీద అరగంట ఆడితే ఏమవుతుందో ఆ ఫాయిల్ చూస్తే అర్థమవుతుంది.

ఎయిర్‌బ్రష్ శుభ్రం చేయడం

1. ముందు మామూలుగా కడగండి. కప్పులో మిగిలిన రంగు వంచేసి, ఆ రంగుకు తగిన క్లీనర్‌ను ఎయిర్‌బ్రష్ గుండా పంపండి. మెషీన్ వచ్చింది కదా అని ఈ మెట్టు మానేస్తే, ఆ రంగంతా ట్యాంకు నీళ్లలో కలిసి మిగతా భాగాలకు అంటుకుంటుంది.

2. భాగాలు విడదీయండి. రబ్బరు రింగులు తీసి పక్కన పెట్టండి. నీడిల్‌ను (నాజిల్ గుండా వచ్చే సూదిని) మెషీన్‌లో వేయకండి. దాని మొన పక్క భాగానికి తగిలి వంగితే నాజిల్ పాడైనంత నష్టం, పైగా దాన్ని గుడ్డతో తుడవడం అర నిమిషం పని. ట్రిగ్గర్ కింద ఉండే గాలి వాల్వును కూడా ముంచొద్దు.

3. రంగు నీళ్లతో కలిపే యాక్రిలిక్ అయితే సబ్బు నీళ్లు చాలు. లాకర్ లేదా ఎనామెల్ అయితే భాగాలను విడిగా ఒక గాజు సీసాలో, దాని థిన్నర్‌లోనే నానబెట్టండి. ఇది మెషీన్‌కు దూరంగా, గాలి ఆడే చోట జరగాలి. తర్వాత బాగా కడిగి, థిన్నర్ వాసన పోయాకే మెషీన్ దగ్గరికి తీసుకురండి.

4. నాజిల్‌ను స్టీలు టీ వడపోత జాలీలో వేసి ముంచండి. జాలీ అయినా బాస్కెట్ అయినా ట్యాంకు అడుగుకు తగలకూడదు. భాగాన్ని నేరుగా అడుగున పడేస్తే అది ట్యాంకును గీరుతూ ఉంటుంది, ట్రాన్స్‌డ్యూసర్ మీద కూడా భారం పడుతుంది. నాజిల్ లోపల గాలి చిక్కుకుంటే అక్కడ కావిటేషన్ ఉండదు. కాబట్టి నీళ్లలో ఒకసారి అటూ ఇటూ ఊపి గాలి పోనివ్వండి.

5. మూత పెట్టి 3 నిమిషాలు నడపండి. తీసి వెలుతురుకు పట్టి నాజిల్ గుండా చూడండి. గుండ్రంగా, శుభ్రంగా వెలుతురు కనిపించాలి. కనిపించకపోతే ఇంకో 3 నిమిషాలు. అప్పటికీ పోకపోతే మళ్లీ నానబెట్టండి గానీ టైమర్ పెంచకండి. క్రోమ్ పూత అప్పటికే లేస్తున్న భాగాలుంటే, ఎక్కువసేపు నడిపిన కొద్దీ అది పొరలు పొరలుగా ఊడుతుంది.

6. మంచినీళ్లలో కడిగి, ఆరబెట్టి, కదిలే భాగాలకు ఎయిర్‌బ్రష్ లూబ్రికెంట్ ఒక చుక్క రాయండి. ఈ మెషీన్ మురికినీ నూనెనూ ఒకేలా చూస్తుంది, రెంటినీ తీసేస్తుంది.

ఇత్తడి, టంకం పని

టంకం (సోల్డర్) బాగా పట్టడానికి రాసే ఫ్లక్స్, పని అయ్యాక మిగిలేది, ఆమ్లం లాంటిది. వారం వదిలేస్తే మూలల్లో ఆకుపచ్చ చిలుము పడుతుంది, దాని మీద ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) నిలవదు. కాబట్టి టంకం వేసిన రోజే సబ్బు నీళ్లలో 3 నుంచి 5 నిమిషాలు నడిపి, కొళాయి కింద కడిగి, చివర్లో డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి తీయండి. డిస్టిల్డ్ వాటర్ ఆరాక తెల్లటి మరకలు వదలదు. అమ్మోనియా కలిసిన క్లీనర్లు ఇత్తడి దగ్గరికి రానివ్వొద్దు. మడతపెట్టిన చోట లోహం అప్పటికే ఒత్తిడిలో ఉంటుంది, అమ్మోనియా తగిలితే అక్కడే చీలిక మొదలవుతుంది.

ఇక హీటర్ సంగతి. నేను కట్టిన ఒక రైలింజన్‌కు వైట్‌మెటల్ (తక్కువ వేడికే కరిగే మెత్తటి మిశ్రమలోహం) లాంతర్లు, బఫర్లు 70 డిగ్రీలకే కరిగే లో-మెల్ట్ సోల్డర్‌తో అతికించాను. వైట్‌మెటల్‌ను మామూలు సోల్డర్‌తో అతికించబోతే ఆ భాగమే కరిగిపోతుంది కాబట్టి అందరూ దాన్నే వాడతారు. వేడి నీళ్లలో ఫ్లక్స్ తొందరగా పోతుందని హీటర్‌ను చివరిదాకా, 80కి తిప్పి వెళ్లిపోయాను. పావుగంటకు వచ్చి బాస్కెట్ ఎత్తితే ఇంజిన్ మాత్రమే వచ్చింది. లాంతర్లు ట్యాంకు అడుగున ఉన్నాయి, వాటి పక్కన సోల్డర్ చిన్న చిన్న ముత్యాల్లా మెరుస్తోంది. కడిగింది మాత్రం శుభ్రంగానే కడిగింది!

అప్పటినుంచి నా నియమం 40 డిగ్రీలు, ఇత్తడి ఒక్కదానికైతే 50. హీటర్ ఆపేసినా, వరసగా నడిపితే కంపనానికే నీళ్లు వేడెక్కుతాయి. ఒక థర్మామీటర్ దగ్గర పెట్టుకోండి.

సూపర్ గ్లూతో అతికించిన చిన్న భాగాలు కూడా వేడి నీళ్లకు, కంపనానికి ఊడిపోతాయి. గ్లూ పనికి ముందే కడిగేయాలి.

రెజిన్, ప్లాస్టిక్

పోత పోసిన రెజిన్ భాగాల మీద అచ్చు నుంచి వచ్చిన జిడ్డు ఉంటుంది. గోరువెచ్చని సబ్బు నీళ్లలో 3 నిమిషాలు చాలు. సన్నటి రెజిన్ కడ్డీలు వేడికి ఇట్టే వంగుతాయి, హీటర్ జోలికి పోకండి. ప్లాస్టిక్ కిట్లలో భాగాలు అతుక్కుని వచ్చే ఫ్రేములకు ఈ మెషీన్ దండగ. అవి ట్యాంకులో పట్టవు, సింకులో పాత టూత్‌బ్రష్‌తో అంతకంటే తొందరగా అవుతుంది. డెకాల్స్ (సన్నటి బొమ్మల, అక్షరాల స్టిక్కర్లు) అతికించినవి, రంగు ఉంచాలనుకున్నవి, మోటార్లు, సర్క్యూట్ బోర్డులు అసలు వేయొద్దు.

ట్యాంకులో పోయకూడనివి

ఐసోప్రొపైల్ ఆల్కహాల్, థిన్నర్, ఎసిటోన్, పెట్రోల్. ట్యాంకు వేడెక్కుతుంది, ఆవిరి లేస్తుంది, కిందనే కరెంటు ఉంది. మంటకు ఇంకేం కావాలి? ద్రవాన్ని మూతబిగించిన సీసాలో పోసి, ఆ సీసాను ట్యాంకు నీళ్లలో ముంచే పద్ధతి చాలామంది వాడతారు. మంట పుట్టని క్లీనర్ అయితే అది మంచి ఉపాయమే. గాజు గుండా కంపనం బాగానే వెళ్తుంది, ట్యాంకు నిండా ఖరీదైన క్లీనర్ పోయక్కర్లేదు. ఆల్కహాల్‌తో మాత్రం నేను ఆ పని చేయను. వేడికి సీసాలో ఒత్తిడి పెరిగి మూత లీకైతే అంతే సంగతులు.

బ్లీచ్ కూడా వద్దు, అది స్టీలు ట్యాంకుకే గుంతలు పెడుతుంది. గట్టి క్షారాలు అల్యూమినియం భాగాలను తినేస్తాయి.

నీళ్లు లేకుండా ఒక్క క్షణం కూడా ఆన్ చేయకండి. నడుస్తున్నప్పుడు వేళ్లు పెట్టకండి. 40 కిలోహెర్ట్జ్ మన చెవికి వినపడదు గానీ దానితోపాటు వచ్చే ఆ కీచుమనే శబ్దం వినపడుతుంది, మూత పెడితే చాలావరకు తగ్గుతుంది.

పని అయ్యాక నీళ్లు అలాగే వదిలేయకండి. అడుగున పేరుకున్న మడ్డి తర్వాతిసారి బుడగలకు అడ్డొస్తుంది. ప్లగ్ తీసి, వంచేసి, మెత్తటి గుడ్డతో తుడవండి. వంచేటప్పుడు అదే టీ జాలీ కింద పట్టండి. పోయాయనుకున్న 2 బఫర్లు, ఒక లాంతరు నాకు అలా దొరికినవే.