మహిళా ఉద్యోగులు నిలబడాలంటే: వరంగల్ యూనిట్లలో మార్పు ఎక్కడ మొదలుపెట్టాలి

గీసుగొండ-సంగెం టెక్స్‌టైల్ పార్కులోనైనా, మడికొండ ఐటీ ఆఫీసులోనైనా ముందు లెక్క తీయండి. మొత్తం మహిళలెందరన్న ఒక్క అంకె ఏమీ చెప్పదు. దరఖాస్తులు, ఎంపికలు, ప్రమోషన్లు, మానేసినవాళ్లు... విడివిడిగా రాయాలి. చేరినవాళ్లు ఏడాదిలోపే పోతుంటే లోపం భర్తీలో కాదు, షిఫ్టులోనో సూపర్‌వైజర్ నోటిలోనో వెతకాలి.

మార్పును ఒక్క ఉత్పత్తి లైనులో మూడు నెలలు నడిపి చూడండి. బెడిసికొట్టేది ఎక్కువగా సూపర్‌వైజర్ల దగ్గరే. ఉత్పత్తి టార్గెట్ అంతే ఉంచి కొత్తవాళ్లకు పని నేర్పమంటే వాళ్లెందుకు ఒప్పుకుంటారు? శిక్షణ కాలానికి టార్గెట్ సడలించి, ఆ మాట కాగితం మీద పెట్టండి. రెండో షిఫ్టు వదిలేసరికి నర్సంపేట, పరకాల వైపు బస్సు ఉందా? లేకుంటే వ్యాను పెట్టాల్సిందే.

పదిమంది, అంతకు మించి ఉద్యోగులుంటే 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ వేయాలి. అధ్యక్షురాలు సీనియర్ మహిళా ఉద్యోగి. సభ్యుల్లో కనీసం సగం మహిళలు, బయటివారు ఒకరు. ఆ బయటి కుర్చీలో యజమాని చుట్టాన్ని కూర్చోబెడితే ఫిర్యాదులే రావు, అంతా బాగుందనుకుంటారు!

50 మంది, అంతకు మించి ఉద్యోగులు ఉన్నచోట క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం) తప్పనిసరి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లొచ్చు, కాబట్టి దాన్ని షెడ్డు పక్కనే పెట్టండి.