లేని మనిషికి జీవితచరిత్ర రాయడం ఎలా

చరిత్రలో ఎన్నడూ లేని మనిషిని పుట్టించి, అచ్చం జీవితచరిత్రలా సాగే నవల రాయాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. స్పానిష్ రచయిత మాక్స్ ఔబ్ 1958లో మెక్సికోలో ఇలాంటిదే వేశాడు. అందులో నాయకుడు పికాసో స్నేహితుడైన ఒక చిత్రకారుడు, అతని పేరు మీద బొమ్మలు కూడా ఔబే గీసి ప్రదర్శన పెట్టాడు. జర్మన్ రచయిత హిల్డెస్‌హైమర్ 1977లో సంగీతకర్త మోజార్ట్ నిజమైన జీవితచరిత్ర రాసి, 1981లో అసలు పుట్టనే లేని ఒక ఆంగ్లేయుడి జీవితచరిత్ర రాశాడు. తెలుగులో దీనికి బోలెడంత చోటుంది.

ముందు మనిషిని కాదు, ఖాళీని వెతకండి. సి.పి. బ్రౌన్ 1820లో కడప వచ్చాడు, అక్కడ బంగళా కొని పండితుల్నీ లేఖకుల్నీ జీతాలిచ్చి పెట్టుకుని తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించాడు. ఆ లేఖకులందరి జీవితాలూ ఎవరూ రాసిపెట్టలేదు. మీవాడు అక్కడ ఒక మూల కూర్చుని రాసుకుంటున్నాడంటే ఎవరూ కాదనలేరు. అదే అతన్ని ఏ సంస్థానానికో దివాన్ని చేశారనుకోండి, దివాన్ల పేర్లు రికార్డుల్లో ఉంటాయి కాబట్టి మొదటి పేజీలోనే దొరికిపోతారు.

తర్వాత తేదీలు. ఇక్కడ బద్ధకిస్తే మొత్తం కూలిపోతుంది. మనిషి ఒక్కడే కల్పన, చుట్టూ ఉన్నదంతా నిజమై ఉండాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1818లోనే లెక్కలు వరహాల నుంచి రూపాయలకు మారాయి, కాబట్టి 1830లో సర్కారు కచేరీలో పనిచేసేవాడి జీతం రూపాయల్లోనే రాయాలి. 1854కి ముందు రాసిన ఉత్తరం మీద తపాలా బిళ్ల అంటించకండి, 1856కి ముందు మద్రాసులో రైలెక్కించకండి. పాత కాగితాల్లో సంవత్సరం పేరే ఉంటుంది కదా, గుంటూరు కరువు నందన, బందరు ఉప్పెన రక్తాక్షి. అరవై ఏళ్లకోసారి అదే పేరు మళ్లీ వస్తుంది కాబట్టి, ఒక కాగితం 1832 నాటిదా 1892 నాటిదా అని మీ నవలలో కథ చెప్పే చరిత్రకారుడు రెండు పేజీలు తర్జనభర్జన పడొచ్చు, నిజం చరిత్రకారులు పడే తిప్పలు అవే.

ఆ చరిత్రకారుడి గొంతు దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారని నా అభిప్రాయం. నవలాకారుడికి పాత్ర మనసులో ఏముందో తెలుసు, చరిత్రకారుడికి తెలియదు. "ఆ రాత్రి అతను కన్నీళ్లు పెట్టుకున్నాడు" అని రాశారంటే ముసుగు జారిపోయినట్టే. "భార్య పోయిన నెలలో అతని ప్రతుల్లో అక్షరదోషాలు ఎక్కువగా కనిపిస్తాయి" అని రాసి ఆగిపోండి. ఆ దోషాలను ఏడుపుగా చదువుకోవాల్సింది పాఠకుడు. ఈ పద్ధతికి ఉన్న అసలు బలం అదే, దీనికోసమే మామూలు నవల కాకుండా ఇంత శ్రమపడి ఇలా రాస్తున్నాం. చరిత్రకారుడికి కూడా ఒక వయసు, ఒక పక్షపాతం ఇవ్వండి. 1920ల్లో రాస్తున్నవాడైతే గ్రాంథికంలో "జన్మించిరి" అంటాడు, ఇష్టంలేని విషయం వచ్చేసరికి ఒక్క వాక్యంతో దాటేస్తాడు. ఆ దాటేసిన చోటే కథ ఉంచండి.

కాగితాలన్నీ దొరికాయని మాత్రం అనకండి. 1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో 30 వేల మంది దాకా పోయారు. లేఖకుడి కాగితాల పెట్టె అప్పటికి అక్కడి బంధువుల ఇంట్లో ఉందంటే, సగం జీవితం ఎందుకు తెలియదో మళ్లీ చెప్పనక్కర్లేదు. మిగిలిన ఉత్తరాలను మాత్రం ఆ కాలపు వాడుకలోనే రాయండి, "ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టి, ఫుల్‌స్టాపులు లేకుండా, మధ్యలో అప్పుల లెక్కలు కలిపి.

ఇంటిపేరు విషయంలో జాగ్రత్త. మన దగ్గర ఇంటిపేరు చెబితే ఊరూ కులమూ వెతికేస్తారు, ఎవరో మా ముత్తాతే అంటూ బయల్దేరతారు. అందుకని ఎవరికీ లేదని వాకబు చేసుకున్న పేరే పెట్టండి, లేదా ఇంటిపేరు దొరకలేదని చరిత్రకారుడి చేతే చెప్పించండి. బ్రౌన్ లాంటి నిజం మనుషుల నోట లేని మాటలు పెట్టొద్దు, వాళ్లను దూరం నుంచి కనిపించనిస్తే చాలు. హిల్డెస్‌హైమర్ తన ఆంగ్లేయుణ్ణి జర్మన్ మహాకవి గేటేతో మాట్లాడించాడు, నిజమే, కానీ వాట్సాప్‌లో ఒక్క పేరా తిరిగితే చాలు చరిత్రైపోయే ఈ రోజుల్లో నేనైతే ఆ పని చెయ్యను. లోపల ఎంత గట్టిగా నమ్మించినా సరే, అట్ట మీద "నవల" అని స్పష్టంగా వేయించండి.