నేర నవల రాయదలచినవారికి: అగాథా క్రిస్టీ మందుల గది నేర్పే పాఠాలు

నేర నవల రాయాలన్న కోరిక ఉన్నవారు కథ కోసం ఎక్కడికో పోనక్కరలేదు. తాము చేస్తున్న పనిలో బయటివారికి తెలియని సంగతులను నోటుపుస్తకంలో రాసుకుంటూ మొదలుపెట్టవచ్చు. ప్రఖ్యాత ఇంగ్లీషు నేర నవలా రచయిత్రి అగాథా క్రిస్టీ అలాగే మొదలుపెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆమె ఇంగ్లండులోని తన సొంత ఊరు టోర్కీలో ఒక ఆసుపత్రిలో మొదట నర్సుగాను, తరువాత మందులు కలిపే గదిలోను పనిచేశారు. చుట్టూ విషాల సీసాలు ఉన్న ఆ గదిలో, పని లేని వేళల్లో, ఆమెకు తొలి నవల ఊహ తట్టింది.

1920లో వెలువడిన ఆ నవల ‘ది మిస్టీరియస్ ఎఫైర్ ఎట్ స్టైల్స్’లో హత్య జరిగిన తీరును గమనించండి (చదవనివారు ఈ పేరాను దాటవేయడం మేలు). స్ట్రిక్నిన్ స్వల్పంగా ఉన్న టానిక్కులో, నిద్రమందుగా వాడే బ్రోమైడ్ లవణం కలిస్తే, ఆ విషం కరగని స్ఫటికాలుగా మారి సీసా అడుగున పేరుకుంటుంది. రోజూ తాగే మోతాదులు ఏ హానీ చేయకుండా గడిచిపోతాయి, చివరి మోతాదు మాత్రం ప్రాణం తీస్తుంది. మందులు కలిపేవారు ఎన్నడూ చేయకూడని పొరపాటు ఇది. దాన్నే ఆమె కథకు ఇరుసుగా చేసుకున్నారు. ఎరువుల దుకాణంలోనో, రిజిస్ట్రేషన్ ఆఫీసులోనో, సహకార బ్యాంకులోనో పనిచేసేవారు కూడా తమ చోట ఏ చిన్న తేడా ఎవరి కంటా పడకుండా ఎన్నాళ్లు ఉండిపోగలదో ఆలోచించాలి.

మనుషులను కూడా ఇలాగే దాచుకోండి. ఆమెకు పని నేర్పిన ఒక ఫార్మసిస్టు ఒకనాడు జేబులోంచి నల్లని ముద్ద తీసి, అది క్యురారే అనే విషమనీ, దగ్గర ఉంటే తనకు ఎంతో శక్తి ఉన్నట్టు అనిపిస్తుందనీ చెప్పాడు. సుమారు యాభై ఏళ్ల తరువాత, 1961లో వచ్చిన ‘ది పేల్ హార్స్’ నవలను తలపెట్టినప్పుడు ఆమెకు ఆ మనిషే గుర్తుకు వచ్చాడు. కాబట్టి విన్న మాటను విన్నట్టుగా, ఆ రోజే రాసి పెట్టుకోవాలి. టోర్కీకి వచ్చిన బెల్జియం శరణార్థులను చూసే ఆమె తన డిటెక్టివ్ పోయిరోను బెల్జియం వాడిగా మలిచారు.

రచన సగంలో ఆగిపోతే కొన్నాళ్లు ఊరు మారండి. తల్లి సలహాతో ఆమె టోర్కీకి దగ్గరలోని కొండ ప్రాంతం డార్ట్‌మూర్‌లో ఒక హోటలుకు వెళ్లి, ఉదయమంతా రాసి, మధ్యాహ్నం ఒంటరిగా నడుస్తూ తరువాతి సంభాషణలను పైకి పలుకుతూ తన తొలి నవలను దాదాపు పూర్తిచేశారు. సంభాషణను పైకి పలికి చూడడం నాకు అన్నిటికంటే విలువైన పద్ధతిగా తోస్తుంది, ఎందుకంటే కృతకమైన వాక్యం దగ్గర నాలుకే తడబడుతుంది.

ప్రచురణకర్త సూచించిన మార్పును కోపం లేకుండా పరిశీలించండి. ఆ తొలి నవల రాతప్రతిలో పోయిరో కోర్టులో సాక్షి బోనులో నిలబడి రహస్యం విప్పుతాడు. ప్రచురణకర్త జాన్ లేన్ అది నమ్మశక్యంగా లేదనడంతో, ఆమె ఆ అధ్యాయాన్ని తిరగరాశారు. ఒప్పందం విషయంలో మాత్రం ఆమెలా తొందరపడకండి. మొదటి 2,000 ప్రతులు అమ్ముడయ్యేదాకా రాయల్టీ లేని, మరో ఐదు పుస్తకాలు అదే సంస్థకు ఇవ్వవలసిన కాగితం మీద ఆమె సంతోషంతో సంతకం చేసి, తరువాత ఎడ్మండ్ కార్క్ అనే ఏజెంటును పెట్టుకుని, గడువు తీరాక వేరే సంస్థకు మారారు. ఎన్ని పుస్తకాలకు కట్టుబడుతున్నారో, సినిమా హక్కులు ఎవరి దగ్గర ఉంటాయో సంతకానికి ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి.