పసివాళ్ల చేతికి వస్తువులు ఎలా ఇవ్వాలి?

మా చెల్లి కూతురికి పదహారు నెలలు. మొన్న వంటింట్లో ఇత్తడి చెంబు ఒకటి దొరకబుచ్చుకుంది. ముందు అంచు నాకింది. తర్వాత బోర్లించి అడుగు చూసింది. లోపలికి చెయ్యి దూర్చింది, మొహానికి ఆనించుకుంది, చివరికి నేలకేసి కొట్టింది. "ఇటివ్వు తల్లీ, సొట్ట పడుతుంది" అని మా అమ్మ లాక్కోబోతే నేనే ఆపాను. నిలబెట్టినా, బోర్లించినా, పక్కకి పడేసినా చెంబు చెంబే అని ఆ పిల్ల అప్పుడే నేర్చుకుంటోంది మరి.

అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీలో లిండా స్మిత్, చెన్ యూ అనే పరిశోధకులు పిల్లల నుదుటికీ, తల్లిదండ్రుల నుదుటికీ చిన్న కెమెరాలు కట్టి, బొమ్మలతో ఆడుకోనిచ్చారు. తల్లి కంటికి బల్ల మీద బొమ్మలన్నీ ఒకేసారి, చిన్నచిన్నగా కనబడుతున్నాయి. బిడ్డకి మాత్రం చాలాసార్లు ఒక్క బొమ్మే చూపంతా నిండిపోతోంది. కారణం సింపుల్: పిల్లల చేతులు పొట్టివి. ఏది పట్టుకున్నా మొహం దగ్గరే ఉంటుంది, వెనకున్న గందరగోళాన్ని కప్పేస్తుంది. 2018లో ఈ పరిశోధకులే మరికొందరితో కలిసి పిల్లల కెమెరా దృశ్యాలతోనూ, పెద్దల కెమెరా దృశ్యాలతోనూ కంప్యూటర్‌కి వేర్వేరుగా బొమ్మల్ని గుర్తుపట్టడం నేర్పి చూశారు. పిల్లల చూపుతో నేర్పినప్పుడే బాగా గుర్తుపట్టింది!

ఇక ఇంట్లో ఏం చేయాలో చూద్దాం.

1. ముందు స్థిమితంగా కూర్చోనివ్వండి. సొంతంగా కూర్చోవడం వస్తేనే రెండు చేతులూ ఖాళీ అవుతాయి. ఇంకా రాకపోతే మీ ఒళ్లో ఆనించి కూర్చోబెట్టుకోండి.

2. వస్తువులు ఏరండి. కొనాల్సిన పని లేదు. గరిటె, స్టీలు గిన్నె, దాని మూత, అప్పడాల కర్ర, కడిగిన చిన్న సొరకాయ చాలు. ఏటికొప్పాక లక్క బొమ్మలుంటే ఇంకా మంచిది, ఒక్కోదానికి ఒక్కో ఆకారం. బరువైనవి, అంచు పదునుగా ఉన్నవి వద్దు. చింతపిక్కలు, గోళీలు, బటన్ బ్యాటరీలు ఆ చుట్టుపక్కలే ఉండకూడదు. మూడు సెంటీమీటర్ల కన్నా చిన్నగా ఉన్నది ఏదైనా గొంతులోకి పోతుందనే అనుకోండి.

ఒకే పేరున్నవి రెండు మూడు రకాలు పెట్టడం నాకు బాగా నచ్చిన పద్ధతి. స్టీలు చెంచా, చెక్క చెంచా, ఎర్ర ప్లాస్టిక్ చెంచా. రంగు వేరు, చేసిన సరుకు వేరు, ఆకారం ఒక్కటే. స్మిత్ బృందం 2002లో ప్రచురించిన ప్రయోగంలో 17 నెలల పిల్లలకి ఇలాగే, ఒకే ఆకారమున్న వాటిని ఒకే పేరుతో పిలుస్తూ ఏడు వారాలు ఆడించారు. ప్రయోగంలో నేర్పిన పేర్లే కాదు, బయట వాళ్లు నేర్చుకునే వస్తువుల పేర్లు కూడా జోరుగా పెరిగాయి.

3. ఒకసారికి రెండో మూడో ఇవ్వండి. బొమ్మల బుట్టంతా కుమ్మరిస్తే ఏదీ సరిగ్గా చేతిలో నిలవదు.

4. ఇచ్చి ఊరుకోండి. అన్నిటికన్నా కష్టమైనది ఇదే. మన చెయ్యి ఊరుకోదు. "ఇలా కాదమ్మా, ఇలా పట్టుకోవాలి" అని తిప్పేస్తాం. తలకిందులుగా పట్టుకుంటే పట్టుకోనివ్వండి. 15 నెలల వయసులో వస్తువుల్ని ఎక్కువ రకాలుగా తిప్పి చూసుకున్న పిల్లలకి ఆ తర్వాతి ఆరు నెలల్లో మాటలు ఎక్కువ వచ్చాయని 2019లో ఇంకో అధ్యయనం చెప్పింది. తిప్పింది తల్లిదండ్రులు కాదు, పిల్లలే. నోట్లో పెట్టుకుంటారని టెన్షన్ పడే బదులు ముందే కడిగి ఇవ్వండి.

5. పేరు చెప్పడానికి సమయం చూసుకోండి. గదిలో ఆ మూల నుంచి "అదిగో చూడు, గరిటె!" అని వేలు చూపిస్తే బిడ్డ కళ్ల ముందు అదే ఉందని నమ్మకం లేదు. గరిటె తన చేతిలో ఉండి, తను దానివైపే చూస్తున్నప్పుడు, "గరిటె. గరిటె పట్టుకున్నావా?" అనండి. బిడ్డ చూపులో వస్తువు పెద్దగా, నడిమధ్యన ఉన్నప్పుడు విన్న పేర్లే బాగా గుర్తుంటున్నాయని ఆ కెమెరాల్లో తేలింది. దానికోసం మీరు వస్తువు తీసుకెళ్లి మొహం మీద పెట్టక్కర్లేదు. కాస్త ఆగితే తనే తెచ్చుకుంటుంది.

6. ఏడాదిన్నర దాటాక ఒక తమాషా గమనించండి. అంతవరకు ఎటు పడితే అటు తిప్పిన పిల్లలు, రెండేళ్లు వచ్చేసరికి వస్తువు ముందువైపో, పక్కవైపో నేరుగా తమకి ఎదురుగా వచ్చేలా పట్టుకుని ఎక్కువసేపు చూస్తుంటారు. పెద్దవాళ్లం మనమూ కొత్త వస్తువుని అలాగే చూస్తాం. నేర్పక్కర్లేదు, చూసి ఆనందించడమే.

ఫోన్లో బొమ్మలు చూపించి పేర్లు చెబితే సరిపోదా అంటారు కొందరు. ఫోన్లో చెంబుని ఎవరో ఒక పక్కనుంచి తీసి పెట్టారు. బోర్లిస్తే ఫోనే బోర్లా పడుతుంది, చెంబు అడుగు కనబడదు.

7. విసిరేయడం మొదలుపెడితే ఆనాటికి ఆట అయిపోయినట్టే. తీసి పైన పెట్టేయండి, రెండ్రోజులాగి మళ్లీ ఇవ్వండి. ఈసారి అదే జాతిది ఇంకోటి పక్కన పెట్టి చూడండి. నిన్న పక్కింట్లో రాగి చెంబు కనబడగానే మా పిల్ల "బూ" అంటూ పాక్కుంటూ వెళ్లి, ఎత్తి, ముందుగా అడుగు చూసుకుంది. పక్కింటావిడ మొహంలో సొట్ట భయం కనబడింది.